లేని లోకానికి నీళ్లెక్కడివి?



సైన్స్ ఫిక్షన్ కథ రాయాలని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు రాకెట్టు తయారుచేస్తారు. అది నాలుగు పేజీల్లో భూమిని దాటుతుంది, అయిదో పేజీలో ఒక గ్రహం మీద దిగుతుంది. అక్కడ ఆకాశం ఊదారంగులో ఉంటుంది. మనుషులకు మూడు కళ్లుంటాయి. వాళ్ల రాజు సింహాసనం మీద కూర్చుని మన సినిమా విలన్ మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆరో పేజీకి చదివేవాడు పుస్తకం మూసేస్తాడు. మూడో కన్ను చూసి కాదు మూసేది. మూడో కన్ను మనకేమీ కొత్త కాదు. ఆ రాజుగారు పొద్దున ఏం తిన్నాడో, ఆ ఊరికి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో రాసినవాడికే తెలియదని చదివేవాడికి తెలిసిపోయింది, అందుకు.

మనకు లేని లోకాలు అల్లడం రాదని ఎవరూ అనలేరు. కాశీమజిలీ కథలు విన్నవాళ్లం, 1957 నాటి మాయాబజార్‌ను ఇప్పటికీ విసుగు లేకుండా చూసేవాళ్లం. కానీ జానపద కథకు శ్రోతతో ఉన్న ఒప్పందం వేరు. మంత్రం వేస్తే మేడ లేస్తుంది. ఇటుకలు ఎక్కడివి, సున్నం ఎవరు కలిపారు అని అక్కడ అడగకూడదు. అడిగినవాడు రసభంగం చేసినవాడు అవుతాడు. సైన్స్ ఫిక్షన్‌లో ఒప్పందం తిరగబడుతుంది. రచయిత ఒక అబద్ధం అడిగి పుచ్చుకోవచ్చు, మహా అయితే రెండు. ఆ తరవాత ప్రతి ఇటుకకూ లెక్క చెప్పాలి. ఇది శిక్షలా కనిపిస్తుంది గాని, నిజానికి కథలు పుట్టేది ఈ లెక్కలోంచే. ఎలాగో చూద్దాం.

ఈ పని నేర్చుకోవడానికి మన ప్రాంతం వాళ్లు అమెరికా పోనక్కర్లేదు. మా తొరపాడి నుంచి వాణియంబాడి వైపు వెళ్లి, ఆలంగాయం దాటి జవ్వాది కొండలు ఎక్కితే కావలూరు వస్తుంది. సముద్రమట్టానికి 725 మీటర్ల ఎత్తు. 2019లో వేలూరు జిల్లాను మూడుగా విడదీసినప్పుడు అది తిరుపత్తూరు జిల్లాలోకి వెళ్లింది. అక్కడి వేధశాలకు చోటు ఎంచినవారు వైను బాప్పు. ఆయన పుట్టింది మద్రాసులో, 1927లో. పెరిగిందీ చదివిందీ హైదరాబాదులో. తండ్రిగారు నిజామియా వేధశాలలో ఉద్యోగి. కావలూరులో 1968లో చిన్న దూరదర్శినితో పని మొదలైంది. 1972లో ఒక మీటరు అద్దం ఉన్న దూరదర్శిని వచ్చింది. 1986 జనవరిలో ప్రారంభమైన 2.3 మీటర్ల పెద్ద దూరదర్శినికి ఆయన పేరే పెట్టారు. అది చూడటానికి ఆయన లేరు, 1982లోనే పోయారు.

ఆ ఒక మీటరు దూరదర్శిని వచ్చిన ఏడాదే, 1972 జూన్ 7న, ఒక తమాషా జరిగింది. బృహస్పతి చుట్టూ తిరిగే గానిమీడ్ అనే చందమామ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చింది. కావలూరులోనూ, ఇండోనేషియాలోని జావా దీవిలోనూ శాస్త్రజ్ఞులు దాన్ని కనిపెట్టి కూర్చున్నారు. ఎందుకంత ఆత్రం? దీపానికి మీరు రాయి అడ్డంపెడితే వెలుగు ఠక్కున పోతుంది. చుట్టూ పొగ ఉన్న రాయి అడ్డంపెడితే కొంచెం కొంచెంగా తగ్గి పోతుంది. గానిమీడ్ చుట్టూ గాలి లేకపోతే నక్షత్రం ఠక్కున ఆరిపోవాలి. గాలి ఉంటే మెల్లగా మసకబారాలి. మసకబారడం చూసి, అక్కడ పలచటి వాయుమండలం ఉందని వాళ్లు చెప్పారు. తరవాత 1979లో వాయేజర్ నౌక దగ్గరకు వెళ్లి కొలిచినప్పుడు అంత గాలి కనిపించలేదు. 1990లలో హబుల్ దూరదర్శిని అక్కడ ఆక్సిజను ఉందని చూసింది, అయితే 1972 అంచనా కంటే ఎంతో పలచగా. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఇలాగే ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు ఆ గ్రహానికి వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసింది. ఆ రాత్రి నక్షత్రం మిణుకును నమోదుచేసిన చోట్లలో కావలూరు కూడా ఒకటి.

కథ రాసేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఫలితం కాదు, పద్ధతి. ఎవరూ అక్కడికి పోలేదు. ఒక వెలుగు ఎలా తగ్గిందన్న చిన్న గుర్తు నుంచి ఒక లోకం గాలి దాకా నడిచారు. మీరు చేయవలసిందీ అదే నడక, తిరుగుదారిలో. మీ లోకం గాలి ఇలాంటిది అని ముందు అనుకుని, అక్కడి మనిషి కంటికి ఏ చిన్న గుర్తు కనిపిస్తుందో ఆ గుర్తు దాకా నడవాలి. కథలో రాయవలసింది గుర్తును మాత్రమే.

ఇంకో అడుగు వేద్దాం. గానిమీడ్ మీది మంచుపొర కింద ఉప్పునీటి సముద్రం ఉందనడానికి 2015లో హబుల్ పరిశీలనలు గట్టి ఆధారం ఇచ్చాయి. పైన మంచు సుమారు 150 కిలోమీటర్ల మందం, కింద సముద్రం సుమారు 100 కిలోమీటర్ల లోతు అని అప్పటి అంచనా. ఐరోపా వాళ్లు 2023 ఏప్రిల్‌లో పంపిన జ్యూస్ నౌక 2031లో బృహస్పతిని చేరేటట్టు, 2034లో గానిమీడ్ చుట్టూ తిరిగేటట్టు లెక్క కట్టారు. అక్కడ ప్రాణం ఉన్నదని ఎవరూ చెప్పలేదు. మనం కథ కోసం ఉన్నదనుకుందాం, తెలివిగలదే అనుకుందాం. ఇదే మనం అడిగి పుచ్చుకున్న ఒక్క అబద్ధం. ఇక లెక్క మొదలు.

దాని నెత్తిన 150 కిలోమీటర్ల మంచు. కనుక దానికి ఆకాశం అనే మాట లేదు. నక్షత్రం లేదు, రాత్రి లేదు, పగలు లేదు. వెలుగు లేనిచోట కన్ను ఎందుకు? మన మూడుకళ్ల రాజు ఇక్కడికే పోయాడు. నీళ్లలో చప్పుడు బాగా పోతుంది గనక అది చెవితో చూస్తుంది. దాని భాషలో అందం అనే మాట చెవికి సంబంధించిందై ఉంటుంది. నిప్పు లేదు. నిప్పు లేనివాడు ఇనుము కరిగించలేడు, కుండ కాల్చలేడు. ఎంత తెలివి ఉన్నా వాడి నాగరికతలో లోహం ఉండదు. మరి పనిముట్లు? ఎముకలు, గవ్వలు, పెంచిన జీవాలు. వాడి లోకానికి పైకప్పు ఉంది. పైకప్పు అవతల ఏముంది అని అడిగినవాణ్ణి వాడి ఊరివాళ్లు పిచ్చివాడంటారు. చూశారా, పాత్ర దొరికింది. మంచు తొలుచుకుంటూ పైకి పోవాలనుకునే పిచ్చివాడు. నేను అతన్ని వెతకలేదు, నిప్పు లేదన్న లెక్కే తీసుకొచ్చింది.

నిప్పు మాట వచ్చింది కాబట్టి గుడియాత్తం వాళ్లతో ఒక మాట. అగ్గిపెట్టెల పనికి పేరుపడిన ఊరు అది, లుంగీ నేతకు పేరుపడినట్టే. ఆక్సిజను లేని గ్రహం మీద మన వీరుడు అగ్గిపుల్ల గీస్తే ఏమవుతుంది? వెలగదు అని చాలామంది రాస్తారు. అగ్గిపెట్టెల పని తెలిసినవాళ్లు అలా రాయరు. పుల్ల తలలోని మందులో పొటాషియం క్లోరేటు ఉంటుంది. మండటానికి కావలసిన ఆక్సిజను అదే ఇస్తుంది. కాబట్టి తల చుర్రుమని మెరుస్తుంది. ఆ మందు అయిపోగానే ఆరుతుంది. కర్రకు మాత్రం అంటుకోదు. ఆ అరక్షణం మెరుపు, ఆపైన అంటుకోని కర్ర, ఈ రెండూ రాస్తే చాలు, ఆ గ్రహం గాలిలో ఏం లేదో పది వాక్యాల పాఠం అక్కర్లేకుండా పాఠకుడికి తెలిసిపోతుంది. మన భూమి మీద గాలిలో ఆక్సిజను 21 శాతం. ఇది ఒక 15 శాతానికి పడిపోయినా కట్టెపొయ్యి రాజుకోవడం కష్టం. బాగా పెరిగితే తడి అడవి కూడా తగలబడుతుంది. ఈ రెండు గీతల మధ్య మన వంట, కమ్మరం, కుమ్మరం అన్నీ నడుస్తున్నాయి. మీ గ్రహం గీత ఎక్కడుందో ముందే నిర్ణయించుకోండి.

ఇలా లెక్కగా లోకం కట్టినవాళ్లలో నాకు బాగా నచ్చినవాడు హాల్ క్లెమెంట్. అసలు పేరు హ్యారీ స్టబ్స్, అమెరికాలో బడిలో సైన్సు చెప్పే అయ్యవారు. ఆయన నవల ‘మిషన్ ఆఫ్ గ్రావిటీ’ 1953లో పత్రికలో ధారావాహికగా, 1954లో పుస్తకంగా వచ్చింది. అందులో మెస్క్లిన్ అనే గ్రహం విపరీతమైన వేగంతో తిరుగుతుంది. దాని రోజు సుమారు 18 నిమిషాలు. ఆ వేగానికి అది అప్పచ్చిలా చదునై ఉంటుంది. నడుమున నిలబడితే భూమి మీది బరువుకు మూడు రెట్లు. ధ్రువాల దగ్గర దాదాపు ఏడువందల రెట్లు అని ఆయన లెక్క. అక్కడివాళ్లు జెర్రి ఆకారంలో, జానెడున్నర పొడవున నేలకు కరుచుకుని ఉంటారు. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. క్లెమెంట్ గొప్పదనం ఆ తరవాతిది. వాళ్లకు ఎత్తు అంటే ప్రాణభయం. అంగుళం ఎత్తు నుంచి పడ్డా చావే. కాబట్టి ఇళ్లకు గట్టి కప్పులుండవు, గుడ్డ కప్పులే. నెత్తిమీద ఏదైనా వస్తువు ఉందంటే వణుకు. దేన్నీ విసరరు; విసిరిన వస్తువు కంటికి కనిపించేలోగా నేలకు కొట్టుకుంటుంది గనక విసరడం అనే ఊహే వాళ్లకు లేదు. బరువు అనే ఒక్క అంకె నుంచి ఒక జాతి భయం దాకా వచ్చాడాయన.

ఇంకా తమాషా, ఆ పుస్తకం వచ్చాక ఎం.ఐ.టి. విద్యార్థులు కూర్చుని లెక్క మళ్లీ వేశారు. గ్రహం అంచు ఆయన చెప్పినదానికంటే పదునుగా ఉండాలని తేల్చారు. క్లెమెంట్ కోపగించుకోలేదు. రచయితకూ పాఠకుడికీ మధ్య ఇది ఒక ఆట అని 1953లోనే ఒక వ్యాసంలో రాసి ఉన్నాడు. ఎక్కడ తప్పు పట్టుకోవచ్చో వెతికే పాఠకుణ్ణి సంపాదించడం కంటే మర్యాద ఏముంటుంది?

మన రాక్షసుల సంగతీ ఇక్కడే చెప్పాలి. మనిషిని పదింతలు పెంచితే పొడవు పదింతలే, కాని బరువు వెయ్యింతలు. కాలి ఎముక అడ్డకొలత వైశాల్యం మాత్రం వందింతలే పెరుగుతుంది. అంటే ఎముక మీద పదింతల భారం పడి, మొదటి అడుగులోనే విరుగుతుంది. ఈ మాట గెలీలియో 1638లోనే పుస్తకంలో రాశాడు. ఘటోత్కచుడి జోలికి ఈ లెక్క తీసుకుపోకండి, ఆయన పద్దు వేరు. మీ గ్రహం మీద మాత్రం పెద్ద జంతువు కావాలంటే లావుపాటి స్తంభాల్లాంటి కాళ్లివ్వండి, లేదా నీళ్లలో తేలనివ్వండి, లేదా గురుత్వాకర్షణ తగ్గించండి. తగ్గిస్తే మళ్లీ గాలి నిలవదేమో చూసుకోండి. ఒకటి లాగితే ఇంకోటి కదులుతుంది, మగ్గం మీద పోగులా.

ఇప్పుడు మనమే ఒక లోకం కట్టి చూద్దాం. సూర్యుడి తరవాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా. 4.24 కాంతి సంవత్సరాల దూరం. దాని చుట్టూ ఒక గ్రహం ఉందని 2016లో ప్రకటించారు. ఆ గ్రహానికి ఒక ఏడాది అంటే మన 11.2 రోజులు. ఇంత దగ్గరగా తిరిగే గ్రహాలు మన చందమామలాగే ఒకే ముఖం చూపిస్తూ తిరుగుతుండవచ్చని శాస్త్రజ్ఞుల ఊహ. అంటే ఒకవైపు ఎప్పుడూ పగలు, ఒకవైపు ఎప్పుడూ రాత్రి, మధ్యలో గ్రహం చుట్టూ ఒక సంధ్య పట్టీ. అక్కడ గాలీ నీళ్లూ ఉన్నాయో లేవో ఇంకా తేలలేదు. ఆ నక్షత్రం అప్పుడప్పుడు మంటలు చిమ్మే రకం కూడా. ఉన్నాయని అడిగి పుచ్చుకుందాం. జనం ఉండేది సంధ్య పట్టీలో అనుకుందాం.

ముందు తెలుగు మాటే తీసుకోండి. మనకు పొద్దు అంటే సూర్యుడు, పొద్దు అంటే వేళ కూడా. పొద్దున, పొద్దుపోయింది, పొద్దుపోక, పొద్దస్తమానం. ఆ గ్రహం మీద సూర్యుడు కదలడు. ఆకాశం అంచున, కొండ మీద పెట్టిన దీపంలా ఒకేచోట ఉంటాడు. కాబట్టి అక్కడ పొద్దు అనే మాట వేళను చెప్పదు, దిక్కును చెబుతుంది. తూర్పు పడమరలు ఉండవు. పొద్దు వైపు, నీడ వైపు, అంతే. ‘పొద్దుపోయింది’ అంటే అక్కడ దారి తప్పాడని అర్థం. చందమామ లేదనుకుంటే తిథి లేదు, అమావాస్య లేదు, ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారికి పని లేదు. పదహారేళ్ల పిల్లకు వాళ్ల లెక్కన 521 ఏళ్లు నిండుతాయి. అంత చిన్న ఏడాదిని ఎవరు లెక్కపెడతారు, ఎందుకు?

ఇక్కడ ఒక మంచి చిక్కు ఉంది. ఆ ఏడాదిని లెక్కపెట్టాలంటే నక్షత్రాలు చూడాలి. 11.2 రోజులకు ఒకసారి చుక్కలు ఒక చుట్టు తిరిగి వస్తాయి. కాని పొద్దు వైపు బతికేవాళ్లకు చుక్కలే కనిపించవు. చీకటి వైపు వెళ్లి మంచు కోసుకొచ్చే బేరగాళ్లకే అవి కనిపిస్తాయి. అంటే పంచాంగం బేరగాళ్ల చేతిలో ఉంది. అప్పుకు గడువు ఎప్పుడు తీరిందో చెప్పేవాడు అప్పిచ్చినవాడే. ఇది కథ కాదా? అలాగే నిద్ర. చీకటి పడని ఊళ్లో అందరూ ఎప్పుడు పడుకోవాలి? ఎవడో ఒకడు గంట కొట్టాలి. సెంట్రల్ జైలు ఉన్న తొరపాడిలో ఉంటున్నందుకేమో, ఈ గంట సంగతి నాకు చప్పున తడుతుంది. రోజును ముక్కలు చేసే హక్కు ఎవరి చేతిలో ఉంటే అధికారం వాళ్లదే.

గాలి కూడా లెక్క ప్రకారం వీస్తుంది. వేడి వైపు గాలి పైకి లేస్తుంది, చీకటి వైపు చల్లగాలి నేల వెంబడి వచ్చి ఆ చోటు నింపుతుంది. కాబట్టి సంధ్య పట్టీలో గాలి ఎక్కువగా నీడ వైపు నుంచే వీస్తుంది. ఇళ్లకు ఆ వైపు కిటికీ పెట్టరు, మందపాటి గోడ పెడతారు. తలుపు పొద్దు వైపు. చీకటి వైపు నీరంతా మంచుగా పేరుకుని, మెల్లగా జారి, అంచుకు వచ్చి కరుగుతుంది. ఏరులన్నీ నీడ వైపు పుట్టి పొద్దు వైపు పారి, ఎండలోకి పోయేకొద్దీ సన్నబడి ఇసుకలో ఇంకిపోతాయి. సముద్రాన్ని చేరని ఏర్లు. వీటిని ఊహించడానికి మన పాలారు ఒడ్డున పుట్టినవాళ్లకు కష్టం లేదు.

చెట్ల ఆకులన్నీ ఒకే వైపుకు తిరిగి ఉంటాయి. ఇంకో సంగతి: నీడ కదలదు. మీరు గోడ కడితే దాని నీడ పక్కవాడి చేలో పడుతుంది. మన దగ్గరైతే మధ్యాహ్నానికి తప్పుకుంటుంది. అక్కడ తప్పుకోదు. వాడి మనవడి కాలానికీ అక్కడే ఉంటుంది. ఆ చెక్కలో ఇక పంట పండదు. కాబట్టి ఆ లోకంలో భూమి దస్తావేజు కంటే ముఖ్యమైనది వెలుగు దస్తావేజు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పొద్దు వైపు చెక్క ఎవరికి వస్తే వాడు రెండోవాడి మెడ మీద కత్తి పెట్టినట్టే. గోడ ఒక్క మూరెడు లేపుతానంటే చాలు. యుద్ధనౌకలు, లేజరు తుపాకులు లేకుండా ఎంత కథ ఉందో చూడండి ఇందులో.

పేర్ల దగ్గర మనవాళ్లు ఎక్కువ తొందరపడతారు. నోరు తిరగని నాలుగు హల్లులు కలిపి, ఇది గ్రహాంతర భాష అంటారు. సరిహద్దు జిల్లాల వాళ్లకు పేరు ఎలా పుడుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మనం రాయవేలూరు అన్నదాన్ని తమిళులు వేలూరు అంటారు, ఇంగ్లీషువాళ్లు రాసుకున్నది వెల్లోర్. ‘రాయ’ అన్న రెండక్షరాల్లో విజయనగరపు రాయలు కూర్చుని ఉన్నారు. ఏటిని తమిళంలో ఆరు అంటారు, మనం ఏరు అంటాం. పాలారు అన్నా పాలేరు అన్నా అర్థం ఒకటే. ఒక ఊరికి ఒకే పేరు ఉందంటే ఆ ఊరికి పొరుగువాళ్లు లేరన్నమాట. మీ గ్రహం మీది పట్నానికి కనీసం రెండు పేర్లు పెట్టండి. ఏ పేరు వాడితే ఎవరికి కోపం వస్తుందో కూడా తెలిసి ఉండాలి. గ్రహం మొత్తానికి ఒకే భాష, ఒకే దుస్తు, ఒకే దేవుడు ఉన్న కథలు మన భాషలోనే కాదు, అన్ని భాషల్లోనూ ఉన్నాయి. మూడు మైళ్లు నడిస్తే మాట యాస మారే చోట బతుకుతున్న మనం అలాంటి గ్రహాన్ని నమ్మనక్కర్లేదు.

కథల్లోని గ్రహాలకు ఇంకొక లోపం ఉంది. అక్కడ చెత్త ఉండదు. నగరాలు తళతళ మెరుస్తుంటాయి. మురుగు ఎటు పోతుంది? పాలారు సంగతే తీసుకోండి. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, 348 కిలోమీటర్లలో ఆంధ్రలో పారేది 33 మాత్రమే. మిగతా చాలా భాగం తమిళనాడులో. ఏడాదిలో ఎక్కువ కాలం చూసేవాళ్లకు అది ఇసుక మేట. అయితే ఇసుక కింద నీరు ఉంది; ఏటి గర్భంలో ఊట కాలవలు తవ్వి తరతరాలుగా పంటలకు పారించుకున్నారు. ఎండిన ఏరే అని చులకన చేయడానికి లేదు: 1903లో వాణియంబాడిని ముంచింది, 2021 నవంబరులో మళ్లీ పొంగి వచ్చింది. ఒడ్డున తోళ్ల పరిశ్రమ పెరిగి వేలమందికి అన్నం పెట్టింది, ఆ వదిలిన నీళ్లే బావుల్లోకి దిగాయి. వేలూరు పౌరుల సంక్షేమ సంఘం వేసిన వ్యాజ్యం మీద 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశంలో పర్యావరణ చట్టానికే దారి చూపింది. ఒక్క ఏరు. దానికి ఎగువవాళ్లు, దిగువవాళ్లు, కింద దాగిన నీళ్లు, వరద జ్ఞాపకం, అన్నం పెట్టి విషం కూడా పెట్టిన పని, కోర్టు కాగితం. మీ గ్రహం మీద ఒక్క ఏటిని ఇంత వివరంగా తెలుసుకోండి. మిగతా గ్రహమంతా దాని వెనకే వస్తుంది. కథలో రాయనక్కర్లేదు, మీకు తెలిసి ఉంటే చాలు; తెలిసినవాడి వాక్యం వేరుగా ఉంటుంది.

అసలు వేరే చోట ప్రాణం ఎలా ఉంటుందన్నది హైదరాబాదు వాళ్లకు దగ్గరి ప్రశ్న. 2005 ఏప్రిల్ 20న హైదరాబాదులోని బెలూన్ కేంద్రం నుంచి ఒక పెద్ద బెలూన్ ఎగిరింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిని సీసాల్లో పట్టి తెచ్చింది. ఆ ఎత్తున అతినీలలోహిత కిరణాలు ప్రాణాన్ని మాడ్చేస్తాయి. అయినా దొరికిన సూక్ష్మజీవుల్లో మూడు బాక్టీరియాలు అంతకుముందు ఎవరూ చూడనివని 2009లో ప్రకటించారు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనూ, పుణేలోనూ వాటిని పరీక్షించారు. అవి బయటి లోకం నుంచి వచ్చాయని తేలలేదు, ఆ మాట ప్రకటనలోనే స్పష్టంగా చెప్పారు. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు.

ఈ హాయిల్ ఖగోళ శాస్త్రజ్ఞుడే కాదు, నవలాకారుడు కూడా. 1957లో ‘ది బ్లాక్ క్లౌడ్’ రాశాడు. అందులో వచ్చే గ్రహాంతర ప్రాణి ఒక మేఘం. నక్షత్రాల మధ్య తిరిగే, ఆలోచించే వాయుమేఘం. దానికి చేతులు లేవు, ముఖం లేదు. గ్రహం లాంటి గట్టి ముద్ద మీద, అంత బరువు కింద తెలివి పుట్టగలదా అని అది మనల్ని చూసి ఆశ్చర్యపోతుంది. మన లోకం వాళ్లకు వింత కావడం, గ్రహాంతర కథ చేయగలిగిన మంచిపనుల్లో అది మొదటిది. ఆ బెలూన్ ప్రయోగం వెనక ఉన్న జయంత్ నార్లికర్ హాయిల్ శిష్యుడు. ఆయనా మరాఠీలో సైన్స్ ఫిక్షన్ రాశారు. 2025లో కన్నుమూశారు. లెక్క తెలిసినవాడు కథ రాస్తే పొడిగా ఉంటుందని ఎవరైనా అంటే ఈ ఇద్దరి పేర్లు చెప్పండి.

మన సినిమా సంగతి ఒకటి. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’ లో కాలయంత్రం ఒకసారి 1526కి, ఒకసారి 2504కి పోతుంది. కృష్ణదేవరాయల కాలం భాగం మనసులో నిలిచినంతగా 2504 భాగం నిలవలేదని నాకనిపిస్తుంది. గతానికి సామగ్రి ఉంది: కొలువు, నగలు, పద్యం, తెనాలి రామకృష్ణుడు. భవిష్యత్తుకు సామగ్రి మనమే చేసుకోవాలి, గోడలకు వెండిరంగు వేస్తే సరిపోదు. ఆ సినిమాను తక్కువచేయడానికి అనడంలేదు. తెలుగులో అంత ధైర్యం మళ్లీ ఎందరు చేశారు?

ఇక చివరి చిక్కు: ఇంత కట్టుకున్నాక దాన్ని కథలోకి ఎలా దించాలి? చాలామంది ఒక ముసలి శాస్త్రవేత్తను తెచ్చి, అతనిచేత మూడు పేజీలు చెప్పిస్తారు. ఎవరికైనా తెలిసిన సంగతి వాళ్లకే ఎవరూ చెప్పరు. కాట్పాడి బస్సులో పక్కవాడితో ‘పాలారు అనే ఇసుక నిండిన ఏరు ఉన్నదే’ అని ఎవరైనా అంటారా? ‘ఈ ఏడైనా నీళ్లొస్తాయంటావా’ అంటారు. అంతే. ఆ ఒక్క ప్రశ్నలో ఏరు ఎండిందనీ, ఏటేటా చూస్తున్నారనీ, ఆశ చావలేదనీ వచ్చేసింది. లోకం వివరం పోట్లాటలో బయటపడుతుంది, బేరంలో బయటపడుతుంది, కొత్తకోడలు చేసిన పొరపాటును అత్త దిద్దినప్పుడు బయటపడుతుంది.

మన సంధ్య పట్టీ గ్రహానికే వద్దాం. కదలని సూర్యుడి గురించి మీరు ఒక్క ముక్కా చెప్పకండి. అన్నదమ్ములు ఇద్దరు పెద్దమనుషుల ముందు కూర్చున్నారు. తండ్రి పోయాడు. చిన్నవాడు అడుగుతాడు: ‘అన్నా, పొద్దు వైపు చెక్క నువ్వే తీసుకో. గోడ మాత్రం నా మోకాలు దాటి లేపనని కాగితం రాసివ్వు.’ అన్న మాట్లాడడు. అన్న భార్య లోపలినుంచి అంటుంది, ‘మోకాలు అంటే ఎవరి మోకాలో అడగండి, ఆయన కొడుకు ఇంకా పెరుగుతున్నాడు.’